కంట్రోలర్‌తో గురి కుదరదా? అపోహలు – వాస్తవాలు

నెట్ సెంటర్లో గంట లెక్కన డబ్బులు కట్టి వైస్ సిటీ ఆడిన తరానికి థర్డ్ పర్సన్ షూటర్ అంటే కీబోర్డూ మౌసే. హీరో వీపు వెనక కెమెరా, ఎడమ చేతి కింద నాలుగు అక్షరాలు, కుడి చేతిలో మౌస్. అదే ఆటను 2002లో ప్లేస్టేషన్ 2 మీద ఆడినవాళ్లకు గురిపెట్టే పనే పెద్దగా ఉండేది కాదు. పైనున్న బటన్ నొక్కి పట్టుకుంటే దగ్గర్లోని శత్రువు మీదకు గురి దానంతటదే వెళ్లి అతుక్కునేది. 2003లో పీసీకి వచ్చేసరికి మౌస్‌తో కావలసిన చోట గురిపెట్టుకునే వీలు కల్పించారు. అంటే ఏది చేతిలో ఉంటే దానికి తగ్గట్టు ఆటే మారింది. ఇప్పుడు రెండు వేల లోపు పెట్టి కంట్రోలర్ కొని ల్యాప్‌టాప్‌కు తగిలించేవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పరు. చెప్పేవన్నీ వేరే మాటలు.

“మౌస్ ముందు కంట్రోలర్ వేస్ట్ బ్రో”

మౌస్‌ను మూడు సెంటీమీటర్లు జరిపితే క్రాస్‌హెయిర్ ఆ మేరకు జరిగి ఆగుతుంది. చెయ్యి ఆగితే గురీ ఆగుతుంది. కంట్రోలర్ స్టిక్ అలా కాదు. దాన్ని ఎంత వంచారన్నది కెమెరా ఎంత వేగంగా తిరగాలో చెబుతుంది, ఎక్కడ ఆగాలో చెప్పదు. కుళాయి ఎంత తిప్పితే అంత ధార. బిందె నిండే క్షణానికి కట్టేయాల్సింది మాత్రం మనమే. దూరాన కనిపించే చిన్న తలకాయ మీద గురి నిలపడంలో మౌస్ ముందుండేది అందుకే. అది ఆడేవాడి నేర్పులో తేడా కాదు, పనిముట్టు పనిచేసే తీరులో తేడా. ఇంతవరకు మౌస్ పక్షం చెప్పేది నిజమే.

వాళ్లు చెప్పనిది ఎడమ చేతి సంగతి. కీబోర్డు మీద నడక ఎనిమిది దిక్కులకే, అదీ ఒకే వేగంతో. మెల్లగా నడవాలంటే ఇంకో కీ నొక్కాలి. స్టిక్‌తో ఏ కోణంలోనైనా, ఎంత నెమ్మదిగానైనా కదలొచ్చు. మన పాత్ర ఒళ్లంతా తెర మీద కనిపించే ఆటలో, గోడ చాటు నుంచి గోడ చాటుకు జరిగే ఆటలో ఇది చిన్న లాభం కాదు. పైగా కెమెరా వీపు వెనక ఉంటుంది కాబట్టి, ఒళ్లు బయటపెట్టకుండానే మూల అవతల ఎవరున్నారో చూడొచ్చు. వాడు బయటికి రాకముందే క్రాస్‌హెయిర్‌ను ఆ చోట పెట్టుకుని కూర్చోవచ్చు. ఫస్ట్ పర్సన్ ఆటల్లో లాగా కనురెప్పపాటులో గురి తిప్పాల్సిన అవసరం ఇక్కడ తక్కువ. స్టిక్ బలహీనత ఎక్కడ బయటపడుతుందో అక్కడే ఈ తరహా ఆటలు మనకు వెసులుబాటు ఇస్తాయి.

దీనికి తోక లాంటి ఫిర్యాదు ఒకటుంది: “క్రాస్‌హెయిర్ వాడి మీదే ఉంది, తూటా మాత్రం గోడకు తగిలింది. అంతా కంట్రోలర్ వల్లే.” పాపం కంట్రోలర్‌కు ఇందులో ఏ పాత్రా లేదు. క్రాస్‌హెయిర్ చూపేది కెమెరా కంటికి కనిపించేది. కెమెరా ఉన్నది కుడి భుజం పైన, కాస్త వెనక. తూటా బయలుదేరేది తుపాకీ గొట్టం నుంచి, అది ఇంకాస్త కింద, ఎడమకు ఉంటుంది. కెమెరాకు గోడ అంచు దాటి శత్రువు కనిపించినా గొట్టానికి ఇంకా గోడ అడ్డమే. చాలా ఆటలు అలాంటప్పుడు గోడ మీద చిన్న చుక్కో, ఇంటూ గుర్తో చూపిస్తాయి. దాన్ని గమనించి భుజం మార్చుకునే బటన్ నొక్కండి, కెమెరా రెండో పక్కకు వస్తుంది. మౌస్‌తో ఆడినా ఇదే జరుగుతుంది.

“ఈ తరహా ఆటలన్నీ కంట్రోలర్ కోసమే పుట్టాయి”

ఇది ఎదుటి పక్షం అతిశయోక్తి. ఫిన్‌లాండ్‌కు చెందిన రెమెడీ సంస్థ 2001లో తెచ్చిన మాక్స్ పేన్ మొదట పీసీలో వచ్చిందే. కాలాన్ని నెమ్మదింపజేసి గాల్లో దూకుతూ కాల్చే ఆ ఆట మౌస్‌తో ఎంత హాయిగా ఉంటుందో ఆడినవాళ్లకు తెలుసు. కంట్రోలర్ వైపు గాలి మళ్లింది ఆ తర్వాత. 2005లో గేమ్‌క్యూబ్ మీద వచ్చిన రెసిడెంట్ ఈవిల్ 4 కెమెరాను భుజం మీదకు తెచ్చింది. 2006లో గేర్స్ ఆఫ్ వార్ కవర్ చాటు పోరాటాన్ని అందరికీ అలవాటు చేసింది. రెసిడెంట్ ఈవిల్ 4ను 2007లో పీసీకి మార్చినవాళ్లు ఒక ఘనకార్యం చేశారు: మౌస్‌తో గురిపెట్టే సదుపాయమే ఇవ్వలేదు! కంట్రోలర్ కోసం చేసిన ఆటను బద్ధకంగా పీసీకి తెస్తే ఎలా ఉంటుందో చెప్పడానికి దాన్ని నేటికీ ఉదాహరణగా చూపిస్తారు.

2024 ఫిబ్రవరిలో వచ్చిన హెల్‌డైవర్స్ 2 తీసుకోండి. కాల్చడం వరకు కంట్రోలర్‌తో బ్రహ్మాండంగా సాగుతుంది. కానీ బాంబులు, మందుగుండు పిలిపించుకోవాలంటే పైకీ కిందికీ పక్కలకీ బాణం గుర్తుల కోడ్ కొట్టాలి. కంట్రోలర్‌లో అది డీ-ప్యాడ్ మీద, అంటే నడిపించే ఎడమ బొటనవేలే స్టిక్ వదిలి అక్కడికి పోవాలి. పురుగుల గుంపు మీదికి వస్తుంటే మనవాడు నిలబడిపోతాడు. కీబోర్డులో ఆ కోడ్‌ను బాణం కీలకు మార్చుకుంటే పరుగెత్తుతూనే కొట్టొచ్చు. కాబట్టి ఆటను బట్టి, ఆటలోని పనిని బట్టి జవాబు మారుతుంది.

“ఎయిమ్ అసిస్ట్ అంటే అనుమతి ఉన్న చీటింగ్”

ఎక్కువ గొడవ జరిగేది దీని మీదే, కాబట్టి విడదీసి చూడాలి. ఎయిమ్ అసిస్ట్ ఒక్కటి కాదు. క్రాస్‌హెయిర్ శత్రువు మీదుగా వెళ్లేటప్పుడు కెమెరా వేగం తగ్గడం ఒక రకం. మనమో వాడో పక్కకు కదిలితే కెమెరా కొంత మేర వాడి వెంట తిరగడం రెండో రకం. ట్రిగ్గర్ లాగి గురి తీసుకోగానే దగ్గర్లోని లక్ష్యం మీదకు గెంతడం మూడోది. మొదటిది స్టిక్‌కు ఉన్న లోటు పూడ్చడమే, దాన్ని తప్పుపట్టేవాళ్లు తక్కువ. మూడోది ఒంటరిగా ఆడే కథ ఆటల్లో అయితే ఎవరికీ నష్టం లేదు, సెట్టింగ్స్‌లో తగ్గించుకోవచ్చు కూడా.

మనుషుల మీద మనుషులు ఆడే చోట కథ వేరు. ఫోర్ట్‌నైట్‌లో పాత ఎయిమ్ అసిస్ట్ ఉన్న రోజుల్లో గురి ట్రిగ్గర్‌ను టపటపా నొక్కుతూ ఉంటే, నొక్కిన ప్రతిసారీ గురి ప్రత్యర్థి మీదకు గెంతేది. పీసీ ఆటగాళ్లు మొత్తుకోగా మొత్తుకోగా 2020లో దాన్ని తీసేశారు. రెండో రకం మీద మాత్రం తగువు తెగలేదు. కంటికి కనిపించింది మెదడుకెక్కి చెయ్యి కదలడానికి మామూలు మనిషికి సుమారు 200 మిల్లీసెకన్లు పడుతుంది. శత్రువు దిశ మార్చగానే కెమెరాను కాస్త తిప్పేసే సాఫ్ట్‌వేర్‌కు ఆ ఆలస్యం లేదు. కాబట్టి దగ్గరి పోరులో మౌస్‌వాళ్ల ఫిర్యాదును ఏడుపుగా కొట్టిపారేయలేం. అలాగని అది గురిపెట్టి చంపిపెట్టే దొంగ ప్రోగ్రామూ కాదు. మీరు స్టిక్ కదపకపోతే, గురిని లక్ష్యం దగ్గరికి తేకపోతే అది చేసేదేమీ లేదు. దూరపు పోరులో దాని సాయం దాదాపు సున్నా.

“ట్రిగ్గర్ పాడైంది, వాపస్ పంపేద్దాం”

విండోస్‌లో రన్ పెట్టెలో జాయ్ డాట్ సీపీఎల్ అని కొడితే కంట్రోలర్ పరీక్షించే పాత కిటికీ తెరుచుకుంటుంది. కొత్త కంట్రోలర్ కొన్నవాళ్లు చేసే మొదటి పని ఇదే. ఎడమ ట్రిగ్గర్ లాగితే గీత ఒకవైపు పోతుంది, కుడిది లాగితే రెండో వైపు. రెండూ కలిపి లాగితే గీత మధ్యకు వచ్చి నిలబడుతుంది! షూటర్‌లో ఎడమతో గురి, కుడితో కాల్పు, రెండూ కలిపే వాడాలి కదా, ఇదేం కంట్రోలర్ అని ప్యాక్ చేసి వెనక్కి పంపేస్తారు.

అది లోపం కాదు. ఆ కిటికీ మాట్లాడేది డైరెక్ట్‌ఇన్‌పుట్ అనే పాత పద్ధతిలో. అందులో ఎక్స్‌బాక్స్ తరహా కంట్రోలర్ల రెండు ట్రిగ్గర్లూ ఒకే గీతను పంచుకుంటాయి. ఒకటి ప్లస్, ఒకటి మైనస్, కలిస్తే సున్నా. ఎక్స్‌బాక్స్ 360 కాలంలో మైక్రోసాఫ్ట్ తెచ్చిన ఎక్స్‌ఇన్‌పుట్ పద్ధతిలో ఒక్కో ట్రిగ్గర్‌కూ 0 నుంచి 255 వరకు సొంత లెక్క ఉంటుంది. నేటి ఆటలు వినేది దాన్నే. మన మార్కెట్‌లో దొరికే చవక కంట్రోలర్లలో చాలావాటికి రెండు మోడ్‌లూ ఉంటాయి. డబ్బాలోని కాగితం చూసి ఎక్స్‌ఇన్‌పుట్‌లో పెట్టుకోండి.

సోనీ కంట్రోలర్లు ఎక్స్‌ఇన్‌పుట్ భాష మాట్లాడవు. స్టీమ్ 2016 చివర్లో డ్యూయల్‌షాక్ 4ను నేరుగా గుర్తించడం మొదలుపెట్టాక తలనొప్పి తగ్గింది గానీ, ఇంకో చిక్కు వచ్చింది. ఆటా గుర్తించి, స్టీమూ గుర్తిస్తే ఒక్కసారి నొక్కిన బటన్ రెండుసార్లు నొక్కినట్టు పడుతుంది. ఆ ఆటకు స్టీమ్ ఇన్‌పుట్ ఆపేస్తే సరిపోతుంది.

“డెడ్ జోన్ సున్నా, సెన్సిటివిటీ ఫుల్, అదే ప్రో సెట్టింగ్”

స్టిక్ వదిలేసినా అది కచ్చితంగా నడిమధ్యకు రాదు. ఆ కొద్దిపాటి తేడాను ఆట పట్టించుకోకుండా వదిలే వలయమే డెడ్ జోన్. ఎక్స్‌ఇన్‌పుట్‌లో స్టిక్ ఒక వైపు కొలత 32,767 దాకా ఉంటుంది. కుడి స్టిక్‌కు మైక్రోసాఫ్ట్ సూచించిన డెడ్ జోన్ 8,689, అంటే నాలుగో వంతు పైచిలుకు. బొటనవేలు అంత దూరం పోయేదాకా కెమెరా కదలదు. దీన్ని అలాగే ఉంచేసిన ఆటలో చిన్న సవరింపులు చేయలేక “నాకు ఎయిమ్ రాదు” అనుకునేవాళ్లు ఎందరో! తగ్గించాలి, నిజమే. కానీ సున్నా చేస్తే చెయ్యి తీసేసినా కెమెరా పాకుతూ పోతుంది. కెమెరా పాకడం ఆగే చోటు దాకా పెంచి, ఇంకొక్క మెట్టు వేసి వదిలేయండి. ఆ అంకె మీ కంట్రోలర్‌ది. ఎవరో ప్రో ఆటగాడి అంకెతో దానికి సంబంధం లేదు.

సెన్సిటివిటీ సంగతీ అంతే. వెనక్కి తిరగడానికి వేగం కావాలి, గురికి నెమ్మది కావాలి. అందుకే రెండింటికీ వేర్వేరు అంకెలు ఇస్తారు. గురి తీసుకున్నప్పటి వేగాన్ని తగ్గించండి, మామూలు వేగం మీ ఇష్టం.

“వైర్‌లెస్ అయితే లాగ్ ఖాయం”

పూర్తిగా నిజం కాదు. సెకనుకు 125 సార్లు కబురు పంపే కంట్రోలర్‌కు కబురుకూ కబురుకూ మధ్య 8 మిల్లీసెకన్లు. 60 ఫ్రేముల ఆటలో ఒక్క ఫ్రేమ్‌కే దాదాపు 17 మిల్లీసెకన్లు. టీవీకి తగిలించి, దాని ఆలస్యాన్ని తగ్గించే గేమ్ మోడ్ వేయకుండా ఆడేవాడు కంట్రోలర్‌ను తిట్టడంలో అర్థం లేదు. డ్యూయల్‌షాక్ 4 అయితే కేబుల్ కంటే బ్లూటూత్‌లోనే ఎక్కువసార్లు కబురు పంపగలదు.

అసలు దోషి చాలాసార్లు కంట్రోలర్ సిగ్నల్ అందుకునే డాంగిల్ ఉన్న చోటు. యూఎస్‌బీ 3.0 పోర్టుల నుంచి వచ్చే రేడియో రొద 2.4 గిగాహెర్ట్జ్ వైర్‌లెస్ పరికరాలను దెబ్బతీస్తుందని ఇంటెల్ 2012లోనే పత్రం రాసింది. క్యాబినెట్ వెనక, హార్డ్ డిస్క్ కేబుల్ పక్కన డాంగిల్ గుచ్చితే సిగ్నల్ తెగుతుంది. చిన్న ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో టేబుల్ మీదకు తెచ్చుకుంటే చాలు. కేబుల్ తప్పనిసరి అయ్యే సందర్భమూ ఉంది: 2023లో పీసీకి వచ్చిన రిటర్నల్‌లో డ్యూయల్‌సెన్స్ ట్రిగ్గర్ సగం లాగితే ఒక పని, బిగువు దాటి పూర్తిగా లాగితే తుపాకీ రెండో రకం కాల్పు. ఆ బిగువు చేతికి తెలియాలంటే వైరు ఉండాల్సిందే.

“జైరో ఫోన్‌లోనే, కంట్రోలర్‌లో అదో గిమ్మిక్”

జైరో అంటే చేతిలోని పరికరం వంపును పసిగట్టే సెన్సర్. ఫోన్‌లో బీజీఎంఐ ఆడే మన కుర్రాళ్లు ఈ మాట అనడం వింతగా ఉంటుంది. ఫోన్ వంచి రీకాయిల్ అదుపు చేయడం వాళ్లకు వెన్నతో పెట్టిన విద్య. కంట్రోలర్‌లోనూ పని అదే: స్టిక్‌తో దిక్కు తిప్పడం, మణికట్టు వంపుతో చివరి సవరింపు. మణికట్టు ఆగితే గురీ ఆగుతుంది కాబట్టి మౌస్ గుణమే ఇక్కడా వస్తుంది. 2015లో వీ యూ మీద వచ్చిన స్ప్లాటూన్ నుంచి నింటెండో ఆటగాళ్లు ఇలాగే ఆడుతున్నారు. స్టిక్ ఏ దిక్కుకు తోస్తే కెమెరా క్షణంలో అటు తిరిగే ఫ్లిక్ స్టిక్ పద్ధతిని జిబ్ స్మార్ట్ అనే డెవలపర్ తయారు చేస్తే, ఫోర్ట్‌నైట్ 2022లో దాన్ని చేర్చుకుంది. సోనీ, స్విచ్ ప్రో కంట్రోలర్లలో జైరో ఉంటుంది. ఎక్స్‌బాక్స్ మామూలు కంట్రోలర్లో లేదు, చవకవాటిలో అరుదు.

“ఖరీదైనది కొంటే ఎయిమ్ వస్తుంది, హాల్ ఎఫెక్ట్ అయితే జన్మలో డ్రిఫ్ట్ రాదు”

మామూలు స్టిక్ లోపల కార్బన్ పూత మీద చిన్న లోహపు రేకు రాసుకుంటూ తిరుగుతుంది. పూత అరిగితే చెయ్యి తీసేసినా కెమెరా పాకుతుంది, అదే డ్రిఫ్ట్. హాల్ ఎఫెక్ట్ స్టిక్‌లో అయస్కాంతం, సెన్సర్ ఒకదాన్నొకటి తాకవు కాబట్టి ఆ అరుగుదల లేదు. కొత్త మాయ కూడా కాదు, 1998 నాటి డ్రీమ్‌కాస్ట్ కంట్రోలర్‌లోనే ఇది ఉంది. అయితే స్ప్రింగ్ వదులైతే ఇదీ మధ్యకు రాదు. మన్నిక పెరుగుతుంది, గురి పెరగదు.

గురికి నిజంగా పనికొచ్చేది వెనక బటన్లు. దొర్లడానికి, కవర్ తీసుకోవడానికి ముందు బటన్లు నొక్కితే కుడి బొటనవేలు స్టిక్ వదలాలి, ఆ అరక్షణం గురి ఉండదు. ఆ పనుల్ని వెనక వేళ్లకు అప్పజెప్తే బొటనవేలు స్టిక్ మీదే ఉంటుంది. అవి లేకపోతే దొర్లడాన్ని బంపర్‌కు మార్చుకోండి, పైసా ఖర్చు లేదు. కొనేటప్పుడు ఎక్స్‌ఇన్‌పుట్ ఉందా, వెనక బటన్లు ఉన్నాయా, డ్రిఫ్ట్ వారంటీ కిందికి వస్తుందా అని అడగండి, రంగురంగుల లైట్లకు డబ్బు పెట్టకండి. ఆన్‌లైన్ ర్యాంకుల కోసం ఆడేవారైతే, జైరోతో చేయి కుదిరేదాకా మౌస్‌ను అటక ఎక్కించొద్దు.