పదహారున్నర మిల్లీమీటర్ల రైలుబాట

పండక్కి మా అక్కయ్యగారి ఊరు వెళ్ళాలంటే ఏం పట్టుకెళ్ళాలన్న చర్చ మా ఇంట్లో పది రోజుల ముందే బయలుదేరుతుంది. చీర పట్టుకెళితే అక్కయ్య కేకలు వేస్తుంది. మిఠాయి పట్టుకెళదామంటే బావగారికి చక్కెర వ్యాధి. ఈసారి ఆ చిక్కు లేకుండా వాళ్ళ మనవడే ఫోనులో ఆర్డరు వేశాడు: "తాతా! పట్టాల మీద నడిచే రైలు తీసుకురా. నేల మీద దొర్లేది వద్దు."

వాడికి పదకొండేళ్ళు. వాళ్ళ ఊరు గోస్పాడు. నంద్యాలకు దక్షిణంగా, కోయిలకుంట్ల పోయే దారిలో ఉంటుంది. కుందూనది పక్క నల్లరేగడి నేల. ఆ ఊరికి రైలు లేదు. కాని ఆ ఇంట్లో మాత్రం రైలు ముప్పయ్యేడేళ్ళు కాపురం చేసింది. మా బావగారు గ్యాంగుమన్‌గా చేరి, కీమన్ అయి, చివరికి మేస్త్రీగా రిటైరయ్యారు. కీమన్ అంటే రోజూ పొద్దున్నే తన బీటు పొడుగునా ఒక పట్టా చూసుకుంటూ నడిచిపోయి, రెండో పట్టా చూసుకుంటూ తిరిగి వచ్చేవాడు. వదులైన కీలు సుత్తితో బిగించాలి; ఫిష్‌ప్లేటు బోల్టులు తడిమి చూడాలి.

బావగారి బీటు గాజులపల్లె దాటాక నల్లమల అడవిలో. అప్పుడు గుంటూరు నుంచి గుంతకల్లు దాకా అంతా మీటరు గేజి. 1990లలో దాన్ని బ్రాడ్ గేజిగా మార్చినప్పుడు అడవిలో కొంతమేర కొత్త దారి వేశారు. దొరబావి దగ్గర లోయ దాటే పాత లైనును వదిలేశారు. "నేను నడిచిన బాట మీద ఇప్పుడు చెట్లు మొలిచుంటాయి" అనేవారు బావగారు అప్పుడప్పుడూ.

అనేవారు అని ఎందుకంటున్నానంటే, కిందటేడు ఆయనకు ఎడమచెయ్యి స్వాధీనం తప్పింది. మందులతో చెయ్యి చాలావరకు తిరిగి వచ్చింది గాని, మాటే కరువైపోయింది. పొద్దస్తమానం అరుగుమీద కూచుని రోడ్డుకేసి చూస్తూ ఉంటారట. "నీతోనన్నా రెండు మాటలు మాట్లాడతాడేమో, నాలుగు రోజులు ఎక్కువ ఉండేటట్టు రారా" అంది అక్కయ్య. నేను పదిరోజులు సెలవు పెట్టాను.

హైదరాబాదులో ఒక పెద్ద ఆటవస్తువుల దుకాణానికి వెళ్ళాను. ఒక డీజిలు ఇంజను, రెండు పెట్టెలు, గుండ్రంగా అమర్చుకునే పట్టాలు, ఒక ట్రాన్స్‌ఫార్మరు - అన్నీ ఒకే అట్టపెట్టెలో ఉన్నాయి. ధర చూస్తే నిజం రైల్లో మొదటి తరగతిలో కాశీకి వెళ్ళి రావచ్చుననిపించింది. "ఇది మన రైలు కొలతేనా?" అని అడిగాను. "అన్ని రైళ్ళూ ఒకటే కొలత సార్" అన్నాడు ఆ అబ్బాయి. నేను నమ్మాను. పెట్టెను ఒళ్ళో పెట్టుకుని డోన్ మీదుగా నంద్యాలలో దిగి, బస్సు పట్టుకుని గోస్పాడు చేరాను.

సాయంత్రం వసారాలో చాపమీద పట్టాలు అమర్చాం. బండి గిర్రున తిరిగింది. పిల్లవాడు చప్పట్లు కొట్టాడు. బావగారు అరుగుమీంచి లేచి వచ్చి, నిలబడి కాసేపు చూశారు. తరువాత వంగి, బొటనవేలూ చూపుడువేలూ పట్టాల మధ్య ఆనించి, ఆ వేళ్ళను అలాగే మనవడి స్కేలు మీద పెట్టారు.

"ఏమయ్యా, గేజి కొలిచినావా? ఇది మన లైను కాదు" అన్నారు.

నేను వచ్చాక ఆయన పలికిన మొదటి మాట అదే. సంతోషించాలో, పోసిన డబ్బు తలుచుకుని ఏడవాలో తెలియలేదు.

ఇంతకూ ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఆటరైళ్ళకు కొలతల శాస్త్రం ఒకటుంది. జర్మనీలో మెర్క్‌లిన్ కంపెనీ 1891లో లైప్‌జిగ్ సంతలో తన పట్టాలకు నంబర్ల వారీగా గేజీలు పెట్టింది. ఇంగ్లండులో ఫ్రాంక్ హార్న్‌బీ 1920లో కీ ఇచ్చి నడిపే రైళ్ళను అమ్మకానికి పెట్టాడు. రానురాను ఇళ్ళలో చోటు చాలక రైళ్ళు చిన్నవయ్యాయి. ఈనాడు ఎక్కువగా చెల్లుబడి అయ్యేది హెచ్‌వో అనే కొలత. అసలు రైలులో 87వ వంతు. దాని పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. దాన్ని 87తో హెచ్చిస్తే యూరపు, అమెరికా రైళ్ళ గేజి 1,435 మిల్లీమీటర్లు వస్తుంది. మన బ్రాడ్ గేజి 1,676 మిల్లీమీటర్లు. దాని 87వ వంతు కావాలంటే పట్టాల మధ్య 19 మిల్లీమీటర్ల పైన ఉండాలి. మన మీటరు గేజికైతే పదకొండున్నర చాలు. నేను తెచ్చింది ఇటు బ్రాడ్ గేజీ కాదు, అటు మీటరు గేజీ కాదు!

ఆ రాత్రి జొన్నరొట్టెలు తింటూ ఉండగా బావగారు ఉన్నట్టుండి, "పదహారున్నరను అరవైతో హెచ్చిస్తే ఎంత?" అని మనవణ్ణి అడిగారు.

వాడు కంచం పక్కన వేలితో లెక్కవేసి "తొమ్మిదివందల తొంభై అబ్బా" అన్నాడు. ఈ సీమలో తాతను అబ్బ అంటారు.

"మీటరుకు ఒక్క సెంటీమీటరు తక్కువ. పట్టాలు మార్చే పనిలేదు. తక్కినదంతా అరవయ్యో వంతు చేసినామంటే అది మీటరు గేజే!"

చూశారా ఉపాయం! తరువాత చదివి తెలుసుకున్నాను. న్యూజీలండులోనూ, ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండులోనూ మూడడుగుల ఆరంగుళాల సన్న గేజి రైళ్ళ నమూనాలు చేసేవారు కూడా ఇదే పదహారున్నర పట్టా తీసుకుని, తక్కిన వస్తువులను 64వ వంతు చేసుకుంటారట. ఆ సంగతి తెలియకుండానే బావగారు జొన్నరొట్టె దగ్గర కూచుని ఆ దారి పట్టారు. పైగా అరవయ్యో వంతులో ఇంకొక సుఖముంది. అడుగుకు అయిదు మిల్లీమీటర్లు. మేస్త్రీగారికి అడుగులు వచ్చు, మనవడికి మిల్లీమీటర్లు వచ్చు. ఇద్దరికీ లెక్క కుదిరింది.

మర్నాడు పొద్దున్నే బావగారు చొక్కా తొడుక్కుని, "నంద్యాలకు పోదాం పా" అన్నారు. ఆయన గడప దాటి ఊరు విడిచి ఏడాదయింది. అక్కయ్య నాకేసి చూసింది. నేను తలూపాను.

హైదరాబాదులో దొరకని రైలు సామాను నంద్యాల బజారులో దొరికిన వైనం చెప్పాలి. మొదట ప్లైవుడ్డు దుకాణంలో నాలుగడుగుల పొడుగు, మూడడుగుల వెడల్పు పలక కోయించాం. పక్కనే సామిల్లులో రంపపుపొట్టు ఒక సంచెడు ఊరికే ఇచ్చారు. ఆకుపచ్చరంగు కలిపి ఆరబెడితే అదే గడ్డి, అదే చెట్ల ఆకు. హార్డ్‌వేరు కొట్లో ఉప్పుకాగితం, సన్న రంపపు బ్లేడు, బంక. గాంధీచౌక్ వైపు ఒక ఫ్యాన్సీ దుకాణంలో ఐస్‌క్రీం పుల్లలు యాభై.

"స్కూలు ప్రాజెక్టుకా పెద్దాయనా?" అని అడిగాడు దుకాణదారు.

"కాదు, స్లీపర్లకు" అన్నారు బావగారు గంభీరంగా.

ఆ లెక్క కూడా చెబుతాను. మీటరు గేజి కొయ్య స్లీపరు ఆరడుగుల పొడుగు, ఎనిమిదంగుళాల వెడల్పు. అరవయ్యో వంతులో అది 30 మిల్లీమీటర్ల పొడుగు, మూడుంబావు చిల్లర వెడల్పు. ఐస్‌క్రీం పుల్ల వెడల్పు 10 మిల్లీమీటర్లు. నిలువున మూడు పాయలు చేసి, ఒక్కొక్క పాయను మూడు ముక్కలు కోస్తే పుల్లకు తొమ్మిది స్లీపర్లు. మా పట్టాల చుట్టు మొత్తం మూడు మీటర్లు. రెండున్నర అడుగులకొక స్లీపరు చొప్పున 240 స్లీపర్లు, అంటే 27 పుల్లలు. తక్కినవి విరిగేవాటికని కొన్నాం. విరిగాయి కూడా.

చివరికి ఒక లేతు పనివాడి దగ్గరికి వెళ్ళాం. బావగారు ఒక ఇత్తడి ముక్క కోరారు. "పదహారున్నర. ఒక దారం ఎక్కువ గాదు, ఒక దారం తక్కువ గాదు." అతడు తిప్పి, వెర్నియర్‌తో కొలిచి చూపించాడు. గ్యాంగువాళ్ళ దగ్గర పట్టాల మధ్య పెట్టి చూసే గేజి కడ్డీ ఉంటుంది. ఇది మా లైనుకు గేజి కడ్డీ. దాన్ని ఆయన జేబులో వేసుకున్నారు. ఇంటికి వచ్చేదాకా జేబు మీద చెయ్యి తియ్యలేదు.

ఇక ఇంట్లో పని. కంకరకని నాపరాళ్ళు కోసేచోట రాతిపొడి తెచ్చాం. బేతంచెర్ల నాపరాయికి ఈ ప్రాంతమంతా ప్రసిద్ధి. రైలుబాట కంకర సుమారు 50 మిల్లీమీటర్ల రాయి. మాకు కావలసింది మిల్లీమీటరులోపు, అంటే ఉప్మారవ్వంత. కనుక అక్కయ్య రవ్వజల్లెడ మాయమైంది. ఆమె దాన్ని వెతుక్కుంటూ పెరట్లోకి వచ్చి, తన భర్త గొంతుకూచుని కంకర జల్లిస్తూ మనవడికి ఏదో చెబుతూ ఉండటం చూసి, జల్లెడ అడగకుండానే తిరిగి వెళ్ళిపోయింది.

నాకు గుండె ఆగినంత పనైన ఘట్టం ఒకటే. నేను కొన్న పట్టాలను ఆ ప్లాస్టిక్ స్లీపర్ల నుంచి లాగి పారేసి, కొయ్య స్లీపర్ల మీద అంటించాలన్నారు. "పాడైతే?" అన్నాను. "లైను ఎత్తి మళ్ళా వేసేది నాకు కొత్తనా?" అన్నారు. ఎడమచెయ్యి వణికితే ఇత్తడి ముక్కను పిల్లవాడు పట్టుకునేవాడు, కుడిచేత్తో పట్టా ఆయన ఒత్తేవారు. మూడు రోజులు పట్టింది. వంపుల దగ్గర మాత్రం ఆయన పెదవి విరిచారు. మా వంపు అర్ధవ్యాసం అసలు కొలతలో 22 మీటర్లే. మీటరు గేజిలో ఎంత కఠినమైన వంపైనా వంద మీటర్లకు పైనే ఉంటుంది. "దీనికి ఏ ఇంజనీరూ సంతకం పెట్టడు" అన్నారు. "నువ్వే పెట్టబ్బా" అన్నాడు మనవడు. నవ్వి, ప్లైవుడ్డు మూలన పెన్సిలుతో పెట్టారు.

డీజిలు ఇంజను పైతొడుగు తీసి, అట్టతో మీటరు గేజి ఇంజను ఆకారం చేసి తొడిగాం. పెట్టెలకూ అంతే, తొమ్మిదడుగుల వెడల్పు, అంటే 45 మిల్లీమీటర్లు. ఎండిన వెంపలికొమ్మలు నల్లమల చెట్లయ్యాయి. గ్యాంగు గుడిసె ఎక్కడుండాలో, నీళ్ళకుండ ఏ చెట్టుకింద పెట్టేవారో, వర్షాకాలంలో గట్టు ఎక్కడ జారేదో బావగారు ఒక్కొక్కటీ చూపిస్తూ చెప్పారు. ఏడాది మాటలన్నీ ఆ నాలుగడుగుల పలకమీద పోసేశారు.

బండి నడిపిన రోజు ఇరుగుపొరుగు వచ్చారు. ఒక చుట్టు తిరిగి, రెండో చుట్టులో ఇంజను టక్కున ఆగిపోయింది. నేను మోటారు కాలిపోయిందన్నాను. ఎవరో ట్రాన్స్‌ఫార్మరన్నారు. బావగారు ఏమీ అనలేదు; మనవడికేసి చూశారు. వాడు మోకాళ్ళమీద కూచుని ఒక పట్టా వెంట వేలు పెట్టుకుంటూ పోయి, రెండో పట్టా వెంట తిరిగి వచ్చాడు. సగం దారిలో వేలు ఆగింది. "అబ్బా, ఫిష్‌ప్లేటు వదులైంది" అన్నాడు. అతుకును బిగించాడు. బండి కదిలింది. బావగారు పైగుడ్డతో కళ్ళద్దాలు తుడుచుకున్నారు. చాలాసేపు తుడుచుకున్నారు.

నేను బయలుదేరేటప్పుడు ఆయన బస్సుదాకా వచ్చి నా చేతిలో ఒక కాగితం పెట్టారు. డాక్టరుగారి మందుల చీటీ అనుకున్నాను. చీటీయే, కాని వెనకవైపు పెన్సిలుతో రాసి ఉంది: పట్టా మరో రెండు మీటర్లు, ఫిష్‌ప్లేట్లు ఒక డజను, సన్న ఇత్తడి తీగె. అన్నింటికిందా పెద్ద అక్షరాలతో - "దొరబావి వంతెనకు. ఉగాదికి తప్పకుండా రావలెను."

ఈసారి దుకాణానికి వెళితే నేనెవరినీ కొలత అడగను. ఇత్తడి ముక్క రెండోది చేయించి నా దగ్గర పెట్టుకున్నాను.