మెడలో వేలాడిన చక్రవర్తి

1786లో నెల్లూరు దగ్గర ఒక రైతు రాళ్లగుట్ట వాలులో దున్నుతుంటే నాగలి ఇటుకలకు తగిలి ఆగింది. తవ్వితే చిన్న గుడి శిథిలాలు, వాటి అడుగున ముంత, అందులో రోమన్ బంగారు నాణేలు! పాత బంగారం కింద అమ్మేశాడు. చాలావరకు కంసాలి మూసలోకే పోయి ఉంటాయి. ముప్పైకి పైగా మాత్రం ఆర్కాటు నవాబు కొడుకు అమీరుల్ ఉమరా చేతికొచ్చాయి. వాటిలోంచి మద్రాసు గవర్నరుగా చేసిన అలెగ్జాండర్ డేవిడ్సన్ రెండు ఏరుకున్నాడు: ఒకటి చక్రవర్తి హేడ్రియన్‌ది, ఒకటి రాణి ఫాస్టినాది. ఆయన ఉత్తరం వల్లే ఈ కథ మనకు దక్కింది. అందులో రైతు పేరు లేదు.

ఆ రోమన్ బంగారు నాణెం పేరు ఆరియస్. దాదాపు మేలిమి బంగారం. క్రీ.శ. 64లో చక్రవర్తి నీరో తూకం తగ్గించాక సుమారు 7.3 గ్రాములు. దిమ్మెలో బిగించిన అచ్చు మీద బంగారు బిళ్ల పెట్టి, పైన రెండో అచ్చు ఆనించి సుత్తితో కొట్టేవారు. కింది అచ్చుది రాజు ముఖం, పై అచ్చుది వెనకవైపు బొమ్మ. అచ్చు చెక్కేవాడు అక్షరాలన్నీ తిరగేసి చెక్కాలి. సుత్తిదెబ్బ నేరుగా తినేది పై అచ్చే కనుక ముందు పాడయ్యేదీ అదే.

అసలు రాజకీయమంతా ఆ వెనకవైపే. హేడ్రియన్ నాణేల మీద ఆఫ్రికా అంటే ఏనుగు తల తొడుక్కున్న స్త్రీ. పెద్ద ఫాస్టినా చనిపోయాక వేసిన కొన్ని నాణేల మీద నెమలి కనిపిస్తుంది. జూనో దేవత పక్షి అది. రాణి దేవతల్లో కలిసిందని చెప్పడం. మన రైతు ఆ బొమ్మ చూసి ఉంటే సుబ్రహ్మణ్యేశ్వరుడనే అనుకునేవాడేమో!

ఈ బంగారం ఇక్కడికి వచ్చింది వర్తకంలోనే. ఇండియా ఏటా ఐదు కోట్ల సెస్టర్సులు లాగేస్తోందని రోమన్ రచయిత ప్లినీ వాపోయాడు. నూరు సెస్టర్సులకు ఒక ఆరియస్. అంటే ఐదు లక్షల బంగారు నాణేలు. లెక్కలో కాస్త ఏడుపు కలిసి ఉండొచ్చు. కానీ తూర్పు కనుమల దారిలో ఆ వర్తకపు ఆనవాళ్లు ఉన్నాయి. అరకు కొండలు దిగి తీరానికొస్తే, భీమిలి దారిలోని తొట్లకొండ బౌద్ధారామంలో 1988–93 తవ్వకాల్లో ఐదు రోమన్ వెండి నాణేలు బయటపడ్డాయి.

నెల్లూరు నాణేల్లో కొన్ని నిన్న కొట్టినట్టు మెరుస్తున్నాయట, కొన్ని అరిగి చిల్లులు పడ్డాయట. ఆ చిల్లులే నాకు ముఖ్యం. అరకు, పాడేరు వైపు గిరిజన స్త్రీల మెడల్లో పాత వెండి రూపాయల దండలు చూసినవారికి సంగతి తెలుస్తుంది: డబ్బు నగ అయింది. తెలుగునాట దొరికిన కొన్ని ఆరియస్‌లకు చక్రవర్తి తలపైన పక్కపక్కనే రెండు రంధ్రాలు ఉంటాయి. ఒక్క రంధ్రమైతే బిళ్ల తిరుగుతుంది; రెండుంటే ముఖం నిటారుగా, బయటికే నిలుస్తుంది. రోమ్ పంపిన సందేశమంతా గుండెవైపు అణిగిపోయింది. మోజు అంతటితో ఆగలేదు. రోమన్ నాణేలను పోలిన మట్టిబిళ్లలు మెదక్ వైపు కొండాపూర్‌లో దొరికాయి.