ఎడారి యింటి తోట — గుత్తదారుని కుదుర్చుకొనుట

ఎడారి యనగానే మనకు ఇసుకదిబ్బలు, ఒంటెలు స్ఫురించును. అమెరికాలోని ఆరిజోనా రాష్ట్రమున నున్న సొనోరా ఎడారి అట్టిది కాదు; అది చెట్లుగల ఎడారి. అందలి ఫీనిక్సు నగరమున ఏడాదికి కురియు వాన సుమారు 7 అంగుళములు. కరవుసీమ యని మనము చెప్పుకొను అనంతపురపు వానలో ఇది ఇంచుమించు మూడవ వంతు. వేసవిలో ఎండ 110 డిగ్రీల ఫారెన్‌హీటు దాటుట అచట పరిపాటి. ఆ నగరమునకు చేరువనున్న చాండ్లరు మొదలగు పట్టణములలో తెలుగు కుటుంబములు పెక్కు స్థిరపడియున్నవి.

ఆ ప్రాంతమునకు నీరిచ్చు నదులలో ముఖ్యమైన కొలరాడోకు 2021 ఆగస్టులో మొదటిసారిగా నీటికొరత ప్రకటింపబడినది. పచ్చిక తీసివైచి ఎడారి మొక్కలతో ముంగిలి తీర్చుకొనుట అచటి గృహస్థులకు వేడుక మాత్రమే కాదు, అవసరము కూడ. ఈ పని సాధారణముగా గుత్తదారుకు ఒప్పగింతురు. చిక్కంతయు ఇక్కడనే యున్నది. పని ముగిసిననాడు పైకి కనబడునది గులకరాళ్ళ పరపు, నాలుగు మొక్కలు. మంచిపనికిని చెడుపనికిని గల భేదము ఆ రాళ్ళ క్రిందనే దాగియుండును.

మొదట నేల సంగతి. అచట అనేక స్థలములలో మట్టి క్రింద సున్నపు పొర యొకటి రాయివలె గట్టిపడి యుండును. దానిని 'కలీచి' యందురు. నీరు దానిలో దిగదు. వేరు దానిని చీల్చలేదు. తెలిసిన గుత్తదారు ధర చెప్పుటకు ముందే గొయ్యి త్రవ్వి, నీరు నింపి, ఎంతసేపటికి ఇంకునో చూచును. గొయ్యి త్రవ్వకుండ, వీథిలో నిలువబడియే వెల చెప్పువానిని నమ్మరాదు. గునపము వేయుటకు ముందు 811 నంబరుకు టెలిఫోను చేసినచో గ్యాసు, విద్యుత్తు కంపెనీలవారు వచ్చి తమ తీగెలు, గొట్టములు పోవు దారిని రంగుతో గుర్తింతురు. మీటరు దాటిన తరువాత ఇంటివారు స్వయముగా వేయించుకొన్న గొట్టములను మాత్రము వారు గుర్తింపరు. వాని జాడ ఇంటివారే చెప్పవలెను.

ఇక నీటిపని. బొట్టుబొట్టుగా నీరిచ్చు సన్నని గొట్టములను రాళ్ళక్రింద పరచుదురు. చెట్టుకును జెముడుకును ఒకే గొట్టము నుండి ఒకే కొలత నీరిచ్చుట తప్పుపని. చెట్టునకు లోతుగా, అరుదుగా నీరు కావలెను. జెముడునకు ఆ నీరే కుళ్ళు తెచ్చును. మెస్కీటు చెట్టు మన సర్కారుతుమ్మకు దాయాది. దాని మొదటనే దినదినము నీరు విడిచినచో వేరు పైపైననే నిలిచి, జూలై, ఆగస్టు నెలల గాలివానకు చెట్టు కూకటివేళ్ళతో కూలును. చెట్టు పెరిగినకొలది నీరు పడుచోటును మొదటినుండి దూరముగా జరుపవలెను. రాళ్ళక్రింద ప్లాస్టికు పరచుట మరియొక దురాచారము. కలుపు కొన్నాళ్ళు తగ్గును గాని, నేలకు గాలి, వాన రెండును దూరమగును. చెట్టునీడ లేక అంతయు రాళ్ళే పరచినచో, పగలు కాగిన ఆ రాళ్ళు రాత్రియెల్ల ఇంటిమీదికి వేడిని వెడలగ్రక్కును.

అన్నిటికంటె ఖరీదైనది సవారో యను మహాజెముడు. అది మొదటి ఎనిమిదేండ్లలో అంగుళమో, అంగుళమున్నరయో పెరుగును. చేతులవంటి కొమ్మలు వేయుటకు 50 మొదలు 70 ఏండ్లు పట్టును. దీనిని ఎడారినుండి ఇష్టానుసారముగా పెకలించి తెచ్చుట ఆరిజోనా చట్టరీత్యా నేరము, అనుమతిచీటి ఉండవలెను. ఆ చీటి చూపుమని అడుగుట కొనువాని హక్కు. నాటునప్పుడు, తొల్లి దక్షిణమునకు తిరిగిన ప్రక్కనే మరల దక్షిణమునకు నిలుపవలెను. లేనిచో లేతప్రక్క ఎండకు మాడును. తెగిన వేళ్ళు మానువరకు నీరు పోయరాదు. పెద్దమొక్క తన పొట్టలోని నీటితోనే కొన్నేండ్లు పచ్చగా నిలిచి, పిదప చచ్చుట కలదు. అప్పటికి గుత్తదారు ఎక్కడనుండునో! అందువలన మొక్క చనిపోయినచో ఎంతకాలము వరకు బదులు మొక్క ఇచ్చునో ముందుగానే వ్రాయించుకొనవలెను.

రాతిపరపు, గోడ, నీటిగొట్టముల పనులకు అచట గుత్తదారుల రిజిస్ట్రారువారి లైసెన్సు కావలెను. కూలి, సామాను కలిపి 1,000 డాలర్లు దాటని చిల్లరపనులకు మాత్రము మినహాయింపు కలదు. ఆ లైసెన్సు నంబరు నిజమైనదో కాదో, ఇదివరకు ఫిర్యాదులున్నవో లేవో ఎవరైనను ఉచితముగా విచారింపవచ్చును. లైసెన్సుగల గుత్తదారు చేసిన పని చెడినచో రెండేండ్లలోపల ఫిర్యాదు చేయవచ్చును. లైసెన్సు లేనివానికి పని చవుకగా ఇచ్చినవారికి, నష్టము భర్తీచేయు ప్రభుత్వనిధి అక్కరకు రాదు. ఒడంబడికలో పని వివరము, మొత్తము సొమ్ము, బయానా, పని ముగియు తేది ఉండితీరవలెను.

రాళ్ళు పరచుటకు ముందు ఒక దినము పని ఆపించి, నీరు విడిపించి, ప్రతి గొట్టమును కంటితో చూచుకొనవలెను. కడపటి వాయిదా సొమ్ము అంతవరకు చేతిలోనే ఉంచుకొనుట మేలు. గొట్టములు పోవుదారికి పటమొకటి గీయించి తీసికొనుట మరువరాదు. మరుసటి యేడు క్రొత్త మొక్కకు గొయ్యి తీయువాని పార సరిగా ఆ గొట్టము మీదనే పడును.