మీకు తెలుసా? భువనగిరి కొండెక్కడానికి కారు అక్కర్లేదు

ఒక్కరోజు కొండనడకకు చూడాల్సింది శిఖరం ఎత్తు కాదు, బండి దిగిన చోటు నుంచి కొండ మొదలుకు ఉన్న దూరం. హైదరాబాద్‌కు సుమారు 50 కిలోమీటర్ల దూరంలోని భువనగిరే ఇందుకు రుజువు. ఊరు సికింద్రాబాద్–కాజీపేట రైలు మార్గంలో ఉంది, ఆర్టీసీ బస్సులూ తిరుగుతాయి. త్రిభువనమల్ల బిరుదున్న చాళుక్యరాజు ఆరవ విక్రమాదిత్యుడి పేరుతో ముడిపడిన కోట, 500 అడుగులు దాటిన ఏకశిల మీద, ఊరిని ఆనుకునే నిలిచింది. అది కొండా, ఉత్త బండా అని పెదవి విరిచేవారున్నారు. ఏటవాలు రాతిపై పిక్కలు ఆ తేడా పట్టించుకోవు. బస్సు వేళలకు కట్టుబడాలన్న అభ్యంతరం కాస్త బరువైనదే. కానీ నీడ కరువైన ఆ బండ వేసవి మధ్యాహ్నానికి కాలిపోతుంది గనుక, పొద్దున్నే వెళ్లి ఎండ ముదరకముందే దిగడం కారున్నవారికీ తప్పదు. పైగా వాళ్లకు తిరిగి హైదరాబాద్ చేరేటప్పుడు అలసిన కాళ్లతో ఉప్పల్ ట్రాఫిక్‌లో బ్రేకులు తొక్కే పని అదనం.