పువ్వు నుంచి ప్రసూతి వార్డు దాకా... 'గునే'

ప్రాచీన గ్రీకులో స్త్రీని 'గునే' అంటారు. షష్ఠీ విభక్తిలో అది 'గునైకోస్' అవుతుంది. వైద్యశాస్త్రం ఎక్కువగా ఈ పొడవు రూపాన్ని తీసుకుంటే, వృక్షశాస్త్రం పొట్టి రూపంతో సరిపెట్టుకుంది. ఇంగ్లిషు ఉచ్చారణ మీదుగా అవి 'గైనకో', 'గైనో'గా మారాయి. భార్య అనే అర్థమున్న సంస్కృత 'జని', స్త్రీ అనే అర్థమున్న పారశీక 'జన్' దీనికి తోబుట్టువులే. 'జనానా' పుట్టింది ఆ పారశీక పదం నుంచే.

ఆసుపత్రిలో...

అందరికీ తెలిసిన మాట గైనకాలజీ. ఎఫెసస్‌లో పుట్టి రోమ్‌లో వైద్యం చేసిన సొరేనస్, క్రీ.శ. 2వ శతాబ్దంలో స్త్రీల వ్యాధుల మీద రాసిన గ్రీకు గ్రంథం 'గునైకేయా'. మంత్రసానికి ఉండాల్సిన లక్షణాలు మొదలుకొని పసికందు సంరక్షణ దాకా అందులో ఉన్నాయి. కాన్పులు చూసే అబ్‌స్టెట్రిక్స్ మాత్రం లాటిన్ మాట. దాని మూలానికి అర్థం మంత్రసాని.

మగవారిలో రొమ్ము గ్రంథి కణజాలం పెరిగితే గైనకోమాస్టియా అంటారు. 'మాస్టోస్' అంటే రొమ్ము. ఆండ్రోజన్ల కన్నా ఈస్ట్రోజన్ ప్రభావం మించినప్పుడు ఇది వస్తుంది. స్పైరనోలాక్టోన్ వంటి మందులూ కారణం కావచ్చు. ఎదిగే వయసు కుర్రాళ్లలో చాలావరకు దానంతటదే తగ్గిపోతుంది. ఒట్టి కొవ్వు పేరుకుంటే అది ఈ పేరు కిందికి రాదు.

పువ్వులో...

పువ్వులోని స్త్రీ భాగం గైనీషియం, అంటే 'స్త్రీ ఇల్లు'. తెలుగు పాఠ్యపుస్తకాల్లో అండకోశం. మిగతా పూభాగాలు అండాశయం కింద నుంచి పుడితే హైపోగైనస్ (మందార, వంగ), పైనుంచి పుడితే ఎపిగైనస్ (జామ, దోస). కార్ల్ లినేయస్ 1735లో మొక్కలను 24 తరగతులుగా విభజించి, కేసరాలు స్త్రీ భాగంతో కలిసిపోయిన ఆర్కిడ్ల వంటి వాటిని గైనాండ్రియాలో చేర్చాడు. వామింటకు క్లియోమ్ గైనాండ్రా అన్న పేరు రావడానికీ అలాంటి రూపమే కారణం: కేసరాలు అండాశయపు కాడ మీద నిలబడి ఉంటాయి.

అండాశయాన్ని మోసే కాడ గైనోఫోర్. వేరుశనగలో రైతులు 'ఊడ' అనేదాన్ని వృక్షశాస్త్రజ్ఞులు ఈ పేరుతోనే పిలుస్తూ వచ్చారు. పూత నేలపైనే పూస్తుంది. ఫలదీకరణ జరిగాక అండాశయం అడుగు భాగం సాగి, సూదిమొనలా మట్టిలోకి దిగుతుంది. కాయ అక్కడే ఊరుతుంది. వేర్లు పీల్చిన కాల్షియం నీటితో పాటు ఆకులకు పోతుంది తప్ప కాయకు పెద్దగా అందదు. కాయ తనకు కావలసింది చుట్టూ ఉన్న మట్టి నుంచే తీసుకుంటుంది. అందుకే ఊడలు దిగే దశలో మొక్కల మొదళ్ల దగ్గర జిప్సం వేస్తారు.

జంతువుల్లో...

ఒకే దేహంలో కొంత ఆడ, కొంత మగ లక్షణాలున్న జీవి గైనాండ్రోమార్ఫ్. కొన్ని సీతాకోకచిలుకల్లో ఒక పక్క రెక్కలు ఆడవాటివి, మరో పక్కవి మగవాటివి అయి ఉంటాయి. పండు ఈగల్లో తొలి కణవిభజనల్లో ఒక ఎక్స్ క్రోమోజోమ్ జారిపోవడం దీనికి కారణం. గ్రూపర్ చేపల్లో చాలా రకాలు ముందు ఆడవిగా ఉండి తర్వాత మగవిగా మారతాయి, అది ప్రోటోగైనీ. అమెజాన్ మోలీ అనే చేప జాతిలో అన్నీ ఆడవే. దగ్గరి జాతి మగచేప శుక్రకణం అండాన్ని ఎదిగేలా ప్రేరేపిస్తుంది, దాని జన్యువులు మాత్రం సాధారణంగా పిల్లలకు చేరవు. ఈ పద్ధతి గైనోజెనిసిస్.

పాలీగైనీ అంటే మానవశాస్త్రంలో బహుభార్యత్వం. కీటకశాస్త్రంలో అదే మాటకు ఒకే పుట్టలో ఒకటికి మించి రాణులుండటమని అర్థం. నిప్పు చీమల్లో ఒకే రాణి ఉన్న పుట్టలూ, పలువురు రాణులున్న పుట్టలూ కనిపిస్తాయి.