కావలి రుసుము నుండి బీమా పత్రం వరకు

ప్రభుత్వమే లేని సమాజంలో దొంగను ఎవరు పట్టుకొంటారు? పోయిన సొత్తుకు పరిహారం ఎవరు చెల్లిస్తారు? రక్షణను కూడ ఇతర సేవల వలె పోటీ సంస్థలే అందించవచ్చునని బెల్జియంలో జన్మించిన గుస్తావ్ ద మోలినారి 1849లోనే వ్రాశాడు. అమెరికా ఆర్థికవేత్త ముర్రే రోత్‌బార్డ్ 1973లో ఆ వాదాన్ని విస్తరించి, బీమా సంస్థలు ఈ పనికి తగినవన్నాడు. దొంగతనం జరిగితే డబ్బు చెల్లించవలసినది బీమా సంస్థయే కనుక, దొంగతనం జరగకుండా చూడడం దానికే లాభమని ఈ వాదంలోని తర్కం.

ఈ ఆలోచన మనకు పూర్తిగా కొత్తది కాదు. తెలుగు, తమిళ సీమలలో పూర్వం కావలి పద్ధతి ఉండేది. గ్రామస్థులు ధాన్యంగానో, రొక్కంగానో కావలివానికి రుసుము చెల్లించేవారు. అతడు పంటలను, పశువులను, ఇండ్లను కాపాడేవాడు. దొంగతనం జరిగితే సొత్తును వెదకి తేవాలి; తేలేకపోతే దాని విలువను తానే ఇచ్చుకోవాలి. అనగా రుసుమే ప్రీమియం. కావలివాడే పోలీసు, అతడే బీమా సంస్థ. దొంగ అడుగుజాడలు ఊరి పొలిమేర దాటినట్లు చూపలేకపోతే ఆ ఊరిదే బాధ్యత అని ప్రాచీన ధర్మశాస్త్రాలు కూడ చెప్పాయి.

అయితే ఈ పద్ధతిలో ఒక లోపం ఉన్నది. ఆయుధబలం గల పాళెగాళ్ళ చేతిలో పడిన చోట కావలి రుసుము బలవంతపు వసూలుగా మారింది. రుసుము చెల్లించని ఊళ్ళలో దొంగతనాలు చేయించేది కావలివారేనన్న ఆరోపణ ఆంగ్లేయుల నివేదికలలో పదేపదే కనిపిస్తుంది. కంచే చేను మేసినప్పుడు రైతు ఎవరితో మొరపెట్టుకోవాలి? దత్తమండలాలలో థామస్ మన్రో 1800-1807 మధ్య పాళెగాళ్ళ బలాన్ని అణచివేశాడు. 1859 నాటి చట్టంతో మద్రాసు రాజధానిలో జీతం తీసుకొనే పోలీసు వ్యవస్థ ఏర్పడింది. 1936 వరకు గంజాం జిల్లా కూడ ఆ రాజధానిలోనిదే.

ఐస్లాండులోనూ ఇటువంటి కథే నడిచింది. అక్కడ 930 నుండి 1262 వరకు రాజు లేడు. న్యాయసభలు తీర్పు చెప్పేవి. దానిని అమలు జరుపుకొనే భారం గెలిచినవానిదే. పశునష్టాన్ని, అగ్నినష్టాన్ని పంచుకొనే స్థానిక సంఘాలు కూడ ఉండేవి. క్రమంగా అధికారం కొద్ది కుటుంబాల పాలై, పోరాటాలు పెరిగి, చివరకు దేశం నార్వే రాజుకు లోబడింది.

ఈ చరిత్ర హుమ్మ వంటి ఊళ్ళకు ఎందుకు? మనవారిలో ఉప్పు మడులలో పనిచేసేవారు, వేటకు వెళ్ళేవారు, ఇచ్ఛాపురం, శ్రీకాకుళం వైపు రాకపోకలు సాగించేవారు ఉన్నారు. సరిహద్దుకు ఆవల మోటారు సైకిలు పోతే, పెద్దమనుషుల మాటతో సరిపెట్టుకొనేవారు కొందరు. కాని పెద్దమనుషుల ఒప్పందం బీమా సంస్థకు ఆధారం కాదు. వాహనం దొంగతనానికి పరిహారం కోరితే సంస్థ మొదట అడిగేది ఎఫ్.ఐ.ఆర్. ప్రతినే. నేటి ప్రైవేటు బీమా సైతం ప్రభుత్వ పోలీసు కాగితం మీదనే నిలిచి ఉన్నది.

2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం, పోలీసు చర్యకు అర్హమైన నేరం ఏ ప్రాంతంలో జరిగినా ఏ ఠాణాలోనైనా సమాచారం ఇవ్వవచ్చును. దీనినే జీరో ఎఫ్.ఐ.ఆర్. అంటారు. "అది ఆంధ్రలో జరిగింది, అక్కడికే పొండి" అని త్రిప్పి పంపడానికి వీలులేదు. ఫిర్యాదుదారుకు ప్రతిని ఉచితంగా ఇవ్వాలి. నమోదుకు నిరాకరిస్తే, విషయాన్ని వ్రాతపూర్వకంగా జిల్లా పోలీసు సూపరింటెండెంటుకు తపాలాలో పంపవచ్చును.

కనుక వాహనం పోయిన రోజుననే ఠాణాకు, బీమా సంస్థకు రెండింటికీ తెలియజేయండి. ఆలస్యం పరిహారానికి అడ్డంకి కావచ్చును. బీమా పత్రం, వాహన రిజిస్ట్రేషను నకళ్ళను ఇంటిలో వేరుగా భద్రపరచండి.