పెంచి వదిలేసిన బొచ్చుకుక్కకు మీ ఇంట్లో చోటుందా?

పిల్లలకు సెలవులిస్తే చాలు, "అమ్మా, కుక్కపిల్లను తెచ్చుకుందామే" అని మొదలుపెడతారు. అపార్ట్‌మెంట్‌లో పెద్ద కుక్కను పెంచడం కష్టం కనుక అందరి చూపూ పొమేరియన్ మీదే పడుతుంది. తెల్లగా, దూదిపింజలా ఎంత ముద్దుగా ఉంటుందో! అయితే అలా ముచ్చటపడి కొన్నవాళ్ళలోనే కొందరు, రెండేళ్ళు తిరక్కముందే ఇల్లు మారామనో, పాపాయి పుట్టిందనో, మరీ అరుస్తోందనో దాన్ని తీసుకెళ్ళి ఏ మార్కెట్ దగ్గరో వదిలేసి వస్తున్నారు.

ఇంట్లో పెరుగన్నం తిని ఫ్యాను కింద పడుకున్న ప్రాణి వీధిలో ఎలా బతుకుతుంది చెప్పండి? వీధికుక్కలు దగ్గరకు రానివ్వవు. తిండి వెతుక్కోవడం తెలియదు. పెంపుడు జంతువును తిండికీ నీళ్ళకూ అల్లాడేలా అకారణంగా వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా. హైదరాబాద్‌లో అక్కినేని అమల, నాగార్జున 1992లో ప్రారంభించిన బ్లూ క్రాస్ లాంటి సంస్థలు ఇలాంటి వాటిని చేరదీసి, వైద్యం చేయించి, కావలసినవారికి దత్తత ఇస్తున్నాయి. వేలు పోసి కొనే బదులు ఇలాంటి ఒకదానికి నీడ ఇస్తే ఎంత బాగుంటుంది!

మన దగ్గర పొమేరియన్ అని పిలిచేవాటిలో చాలావరకు నిజానికి ఇండియన్ స్పిట్జ్ జాతివి. 1994లో వచ్చిన 'హమ్ ఆప్‌కే హై కౌన్' సినిమాలో టఫీ గుర్తుందా? అదీ ఈ జాతిదే. మన ఎండలకు ఇది బాగానే అలవాటు పడింది.

ముందు ఇంట్లో మాట్లాడుకోండి

కుక్క కావాలని ఎవరు అడిగినా, చాకిరీ చివరికి ఎవరి మీద పడుతుందో మనకు తెలియనిది కాదు. పొద్దున్నే బయటికి ఎవరు తిప్పుతారు? ఊరెళ్తే ఎవరు చూస్తారు? ఈ పనులు ముందే పంచుకోండి. చిన్న జాతి కుక్కలు 12 నుంచి 15 ఏళ్ళు బతుకుతాయి. ఇవాళ పదో తరగతి చదివే అబ్బాయి ఉద్యోగానికని వెళ్ళిపోయాక కూడా అది మీ దగ్గరే ఉంటుంది.

అత్తగారికి మడి, పూజ ఉంటే కుక్క ఏ గదిలోకి రాకూడదో మొదటే అనుకోండి. అద్దె ఇల్లయితే యజమానిని అడగండి. అపార్ట్‌మెంట్ సంఘాలు పెంపుడు కుక్కలను నిషేధించడానికి వీల్లేదని భారత జంతు సంక్షేమ మండలి 2015లో మార్గదర్శకాలు ఇచ్చింది. అలాగని మెట్ల మీద మలిన పరిస్తే ఊరుకుంటారా? శుభ్రం చేయాల్సిన బాధ్యత మనదే.

మొదటి రోజులు

మొదటి మూడు రోజులు భయం, మూడు వారాల్లో అలవాటు, మూడు నెలలకు నమ్మకం... వదిలేసిన కుక్కలను పెంచినవారు చెప్పే లెక్క ఇది. కొన్నిటికి ఇంకా ఎక్కువ కాలమే పట్టవచ్చు. ఓ మూల పాత దుప్పటి పరిచి, పక్కన నీళ్ళు పెట్టి దాని మానాన దాన్ని వదిలేయండి. చుట్టుపక్కల పిల్లలందర్నీ పిలిచి చూపించకండి.

మీరు ఊడవడానికి చీపురు తీయగానే అది మంచం కిందకు దూరితే విసుక్కోవద్దు. ఇదివరకు దెబ్బలు తిని ఉండొచ్చు. తిన్నాక, నిద్ర లేచాక బయటికి తీసుకెళ్తే ఇంట్లో తడపడం క్రమంగా తగ్గుతుంది. కొట్టడం వల్ల మాత్రం భయం తప్ప ఏమీ నేర్చుకోదు. తినేటప్పుడు, నిద్రపోయేటప్పుడు దాని జోలికి వెళ్ళవద్దని పిల్లలకు గట్టిగా చెప్పండి.

వంటింట్లో జాగ్రత్త

మిగిలిన సాంబారన్నం పెట్టేస్తే సరిపోతుందనుకోకండి. ఉల్లి, వెల్లుల్లి ఉడికినవైనా సరే, కుక్కల రక్తాన్ని దెబ్బతీస్తాయి. ద్రాక్ష, ఎండుద్రాక్ష మూత్రపిండాలకు చేటు. కనుక పాయసం, కేసరి పెట్టకండి. చాక్లెట్ విషమే. ఐదారు కిలోల ప్రాణికి కొంచెమే ఎక్కువని గుర్తుంచుకోండి. ఉడికిన కోడి ఎముకలు చీలి గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటాయి.

ఉప్పు, కారం లేకుండా ఉడికించిన చికెన్ లేదా గుడ్డు, క్యారెట్, గుమ్మడి ముక్కలు, కాస్త అన్నం కలిపి పెట్టవచ్చు. రోజూ ఇంటి తిండే పెట్టేటట్లయితే కొలతలు డాక్టరును అడగండి. ఉత్త పెరుగన్నంతో మాంసకృత్తులు చాలవు. అలాగని అడిగినప్పుడల్లా బిస్కెట్లు వేస్తే లావెక్కి మోకాలి చిప్పలు జారే బాధ వస్తుంది.

ఆరోగ్యం

తెచ్చిన రెండు మూడు రోజుల్లోనే పశువైద్యుడికి చూపించండి. రేబిస్ టీకా, మిగతా టీకాలు, నులిపురుగుల మందు, గోమార్ల మందు ఎప్పుడెప్పుడు వేయించాలో కార్డు మీద రాయించుకోండి. ఆడకుక్కయితే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించడం మంచిది. గర్భాశయంలో చీము పట్టే ప్రమాదమూ తప్పుతుంది. వీటి శ్వాసనాళం సున్నితం. మెడ పట్టీకి గొలుసు కట్టి లాగవద్దు, ఛాతీకి తొడిగే పట్టీ వాడండి. ఎండలు ముదిరాయని బొచ్చు మొత్తం గొరిగించేయకండి. ఆ బొచ్చే ఎండ నుంచి చర్మాన్ని కాపాడుతుంది. రోజు విడిచి రోజు దువ్వితే చాలు.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన మాట. పెంపుడు కుక్కే కదా అని పన్ను గాటును తేలిగ్గా తీసుకోవద్దు. పసుపు, సున్నం, కారం లాంటివి పెట్టకుండా వెంటనే కుళాయి నీళ్ళ కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఆసుపత్రికి వెళ్ళండి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక ప్రాణం దక్కడం దాదాపు అసాధ్యం. సమయానికి టీకా పడితే మాత్రం ఆ భయం ఉండదు.

ఇదంతా చదివాక "మా వల్ల కాదమ్మా" అనిపిస్తే అందులో తప్పేమీ లేదు. ఒకసారి వీధిన పడ్డ ప్రాణిని తెచ్చి, మళ్ళీ వీధిన పడేయడం కన్నా తేకపోవడమే దయ. చేయగలం అనుకుంటే మాత్రం బుజ్జి కుక్కపిల్లే కావాలని పట్టుబట్టకండి. మూడు నాలుగేళ్ళ వయసు దాన్ని చూడండి. ఎంత పెరుగుతుందో, దాని గుణమేమిటో కళ్ళ ముందే తెలుస్తుంది. ఇంటిల్లిపాదీ రెండుసార్లు వెళ్ళి, దానితో కాసేపు గడిపి, అప్పుడు నిర్ణయించుకోండి.